నెల్లిమర్లకి ఒక టికెట్టు

ముందే చెప్పేస్తున్నాను, నాది చీమను ఏనుగు చేసే నోరు. విజయనగరంలో నేనెక్కిన ఆ బస్సులో వెయ్యిమంది ఉన్నారు. నా పక్కన ఒకమ్మాయి, ఆమె పక్కన మాట చాలా నెమ్మదిగా వచ్చే వాళ్లన్న, ముప్పయ్యేళ్లవాడు.

"మీవోడు ఎక్కడ దిగుతాడమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఆడికి నోరున్నాది. ఆడినే అడుగు."

అడిగాడు. అన్న మాట కూడదీసుకోసాగాడు. వెనక సీట్లో ఒక మీసాలాయన, ఆ మీసాలకు వేరే టికెట్టు కొట్టాలి, విసుక్కున్నాడు.

"నువ్వు సెప్పీయే పిల్లా! ఆడు సెప్పేసరికి ఊరు దాటిపోద్ది."

"దాటితే నడిసొస్తాం మావా. ఇలాటోళ్లకి తోడుండే పని కోసం సర్టిఫికెట్ కోర్సు సదువుతన్నాను. ఆళ్ల మాట మనం సెప్పీకూడదని మొదటే నేర్పినారు."

"నోరు మూసుకోడానికి కూడా సర్టిఫికెట్టా?"

"నీకు సేతకాట్లేదు కదా, మరి నేర్పాల కదేటి!"

అని, అన్న ముఖంలోకే చూస్తూ పళ్లు బిగబట్టి కూర్చుంది. చివరికి అతను "నెల్లి... మర్ల" అన్నాడు. బస్సంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నా కల్పన. ఒక్కరూ కొట్టలేదు. కండక్టరు మాత్రం చెల్లెలు చాచిన చెయ్యి దాటించి, టికెట్టు అన్న చేతిలోనే పెట్టాడు.