ఏడు గడుల రిజిస్టరు

సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషి మా గదిలో కూర్చున్న తీరే నాకు నచ్చలేదు. ఫ్యాను కింది కుర్చీ వదిలి, గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. బయటికి పోయే దారి చూసుకుని కూర్చునేవాళ్లను నేను తొందరగా నమ్మను. ఆ రోజు డైరీలో ముందుగా రాసింది ఆ సంగతే.

ఆ గది కోరుట్ల బస్టాండుకు దగ్గర్లో, ఒక చెప్పుల దుకాణం మీద ఉండేది. ఉద్యోగాల నుంచి దిగిపోయిన నలుగురం సంఘం పెట్టుకుని, గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల ఇళ్ల తరఫున దరఖాస్తులు రాసేవాళ్లం. నేను పోస్టాఫీసులో రిటైరైనవాణ్ణి. కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా బయట పనిచేసేవాళ్లను మా దగ్గర ఖల్లివల్లి అంటారు. అలాంటివాళ్లు జైలు, జరిమానా లేకుండా ఇల్లు చేరవచ్చని ఆ ఏడు ఒక గల్ఫ్ దేశం ఆమ్నెస్టీ ప్రకటించింది. గడువులోపల దరఖాస్తు పెట్టుకోవాలి. దాటితే మళ్లీ ఎప్పుడో తెలియదు. మా నలుగురిలో ఒక్కరికీ కంప్యూటరు రాదు. రోజంతా కూర్చుని ఆ పనే చూసే మనిషి కావాలి. అందుకోసం హైదరాబాదులోని ఒక సంస్థను గ్రాంటు అడగాలనుకున్నాం.

ఆ దరఖాస్తు తాను రాసిపెడతానని వచ్చాడు సిరిసిల్ల మనిషి.

“నాకు ఒక్క పైస వద్దు సార్. ప్రాజెక్టు నేను రాస్త. మీరు గా ఖల్లివల్లోళ్ల లిస్టు ఒక్కటియ్యండ్రి, సాలు.”

“లిస్టు నీకెందుకు?”

“ఫండింగోళ్లు అడుగుతరు సార్. లిస్టు లేకుంటె ఫైలు ముందటికి పోదు.”

పైసా వద్దన్నవాడికి పేర్లెందుకు? చాయ్ తాగించి పంపేశాను.

మరునాడు జగిత్యాల పోయి గ్రాంటు ఫారం నకళ్లు తీయించుకుని వచ్చి, ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎనిమిదో పేజీలో ‘కుటుంబాల వివరాలు జతపరచండి’ అని ఉంది. కొత్త రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఏడు నిలువు గడులు గీశాను: పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, ఫోను, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, సంతకం లేదా వేలిముద్ర.

మొదట పోయిన ఊరు కోరుట్ల నుంచి ఆటోలో అరగంట. అక్కడ ఒక రేకుల పందిరి కింద ఆడవాళ్లంతా కూడి బీడీలు చుడతారు. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు. నేను రిజిస్టరు తెరవగానే చేతులన్నీ ఆగిపోయాయి.

వాళ్లంతా మాట వినేది ఒక కోడలిది. ఆమె భర్త రెండేళ్లుగా ఖల్లివల్లి అని నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఆమె పేరు రాయిస్తే మిగతావాళ్లూ రాయిస్తారు.

“మా ఇంటాయన కంపెనీలనే ఉన్నడు సార్. మాకేం తక్లీఫ్ లేదు,” అంది తలెత్తకుండా.

పక్కనే కూర్చున్న ఆమె అత్త చాట కింద పెట్టింది. “ఓ పోస్టు సారూ! అప్పుడు మనియార్డరు తెచ్చి సంతకం పెట్టుమంటివి, పెట్టినం. పైసలు చేతుల వెడితివి. ఇప్పుడు వట్టి సంతకం అడుగవడితివి. ఏం తెచ్చినవ్?”

అందరూ నవ్వారు.

“మీ మంచికే అడుగుతున్ననమ్మా.”

“మునుపొకడు గిట్లనే అచ్చి గిదే మాటన్నడు. పేర్లు రాస్కపోయిండు. నెల తిరగకముందే ఏజెంట్లు దర్వాజల ముంగట నిలవడ్డరు, నీ మొగన్ని తోల్కస్తమని. నా కోడలి పుస్తెలతాడు గట్లనే పాయె.”

ఆ రాసుకుపోయినవాడు సిరిసిల్ల మనిషేనా అని అడిగాను. ఎవరూ పోలికలు చెప్పలేకపోయారు. మూడుసార్లు తిరిగితే పదకొండు పేర్లు దొరికాయి. వాటిలో రెండు ఇంటి నంబర్లు అసలు ఆ ఊళ్లోనే లేవు. ఆ ఊరి నంబర్లు నాకు కంఠతా వచ్చు. వీళ్లకు ఎవరో నూరిపోశారని డైరీలో రాసి, ఆ ఎవరో ఎవరై ఉంటారా అని నాలుగు పేర్లు కింద వేసుకున్నాను. అందులో ఒకటి మా సంఘంవాడిదే.

దరఖాస్తు పరిశీలించడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె మీదా నాకు అనుమానమే. గ్రాంట్లిచ్చే సంస్థవాళ్లు కారులో రాకుండా ఆర్టీసీ బస్సులో ఎందుకొస్తారు? రిజిస్టరు ముందు పెట్టి, పేర్లు తక్కువైనందుకు సంజాయిషీ చెప్పుకున్నాను. ఆమె పేజీలు తిప్పి ఒకచోట ఆగింది.

“ఈ పాస్‌పోర్టు కాలమ్ ఎందుకండీ?”

“మీరే అడిగిన్రు గదా.”

“మేం అడగలేదు సార్. ఎన్ని కుటుంబాలు, ఏం ఇబ్బంది, అంతే. పేర్లు మేం తీసుకోం. ఎవరు గీశారు ఇవన్నీ?”

ఆమె పోయాక డైరీ తీశాను. జగిత్యాల పోయి వచ్చిన రోజు కింద నా దస్తూరీలోనే ఉంది: ‘ఏడు గడులు గీశాను. నలభై పేజీలు. చక్కగా వచ్చింది.’ చిరునామా పూర్తిగా లేని కవరు చేరదని ఉద్యోగమంతా నమ్మినవాణ్ణి. వివరాలు అనే మాట కనబడగానే చేతులు స్కేలు వెతుక్కున్నాయి. సిరిసిల్ల మనిషి అడిగిన లిస్టునే, అంతకంటే వివరంగా, నేనే తయారు చేయబోయాను. వాడినైతే చాయ్ తాగించి పంపాను.

మళ్లీ ఆ ఊరు పోయాను. రాసిన పేజీలు చింపి అత్త చేతికిచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

“నకలు పెట్టుకున్నవా?”

పెట్టుకున్నాను. పదకొండు పేర్లూ డైరీలో ఎక్కించి ఉన్నాయి. ఒప్పుకున్నాను.

“నాకెర్కనే. రేపు గా డైరీ గూడ తీస్కరా.”

మరునాడు తీసుకుపోయి, ఆమె ఎదుటే ఆ పేర్లు ఒక్కొక్కటీ సిరాతో కొట్టేశాను. ఇన్నేళ్ల నా డైరీల్లో కొట్టివేతలున్న పేజీ అదొక్కటే.

“ఇప్పుడు జెప్పు. ఎందరున్నరో తెలిస్తె సాలు, గంతేనా?”

“గంతే.”

“అయితె అటు తిరుగు.”

ఖాళీ చాట ఒకటి నడుమ పెట్టింది. ఇంట్లో ఒక్కో ఖల్లివల్లికి ఒక్కో తునికాకు వేయాలి. పేరు వద్దు. నేను రోడ్డువైపు తిరిగి నిలబడ్డాను. వెనక గాజుల చప్పుడు.

“సూస్తున్నడే!”

“ఏ, మెడ గుంజి కదిలిండు తియ్, పాపం.”

పిలిచాక లెక్కపెట్టాను. ముప్పై నాలుగు ఆకులు. పందిరి కింద ఉన్నది ఇరవై ఆరుగురు.

“ఎక్కువున్నయేంది?”

“కొన్ని ఇండ్లల్లకెల్లి ఇద్దరిద్దరు పోయిన్రు. నమ్మవా?” అంది అత్త.

నమ్మలేదు. అయినా ఫారంలో ముప్పై నాలుగే వేశాను.

గ్రాంటు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి గడువు కొన్ని వారాలే మిగిలింది. కంప్యూటరు తెలిసిన ఒకామెను పెట్టుకున్నాం. ఆ ఊరి నుంచి రోజుకు ఒకరో ఇద్దరో రాసాగారు. కోడలు మాత్రం రాలేదు. ఆమె చాటలో ఆకు వేసిందో లేదో నాకు తెలియదు. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా గుమ్మంవైపు చూసేవాణ్ణి.

ఇంకా నాలుగు రోజుల గడువుందనగా వచ్చింది. ఫ్యాను కింది కుర్చీ చూపించినా వద్దని, గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన పాస్‌పోర్టు జిరాక్సు తీసింది. నా బల్ల మీద తెరిచి ఉన్న డైరీ చూసి చేయి ఆపింది.

“గా బుక్కు ముయ్యండ్రి సార్.”

మూశాను. పెన్నుకు టోపీ కూడా పెట్టాను. అప్పుడు లేచి, ఆ కాగితం కంప్యూటరు ముందున్నామెకు ఇచ్చింది.

ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని మాత్రమే ఉంది. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఆమె భర్త తిరిగొచ్చి ఊళ్లోనే ఉన్నాడు గనుక. పేరు ఇప్పటికీ రాయను. మొన్న కోరుట్ల అంగట్లో కూరగాయలు కొంటూ కనిపించి నమస్తే పెట్టాడు.

“ఇంక డైరీ రాస్తనే ఉన్నరా సార్?”

“ఎండల గురించే,” అన్నాను.

ఆయన నమ్మినట్టు కనిపించలేదు.