నలభై కాడ చూసినవా

సార్ పోయారన్న సంగతి నాకు గద్వాల బస్టాండులో తెలిసింది. ఆయనను చూడడానికి కర్నూలు దవాఖానకు పోదామని బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ఆయన అడిగిన బత్తాయిల సంచి. అవతల నుంచి వచ్చిన బస్సులోంచి సార్ తమ్ముడు దిగాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "ఇంగ నువ్వు పోవుడెందుకమ్మా? పొద్దుగాల్ల పోయిండు. వెనక జీపుల తెస్తున్నరు" అన్నాడు. సంచి బెంచీ మీద పెట్టి ఆయన వెంట వనపర్తి బస్సు వైపు నడిచాను. ఎవరో వెనక నుంచి "సంచి మర్సినవమ్మా" అని కేకేశారు. వెనక్కి తిరగాలనిపించలేదు.

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. ఇంటర్ అయినంక వనపర్తిలో పెద్దమ్మ ఇంట్లో ఉండి కంప్యూటర్ నేర్చుకున్నాను. ఊరికి అదే మొదటి సెంటర్. మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, కరెంటు ఉన్నప్పుడే చదువు. సార్‌ది ఉప్పునుంతల. హైదరాబాదులో ఒక కంపెనీలో ప్రోగ్రాంలు పరీక్షించే పని కొన్నేళ్ళు చేసి, ఎందుకో విడిచిపెట్టి వచ్చి ఈ సెంటర్ పెట్టారు. అందరూ ప్రోగ్రాం రాయడం నేర్పితే, ఆయన రాసినదాన్ని అనుమానించడం నేర్పేవారు.

మొదటి రోజే నల్లబోర్డు మీద మూడు మాటలు రాశారు. ఎర్రర్, డిఫెక్ట్, ఫెయిల్యూర్. "మూడూ ఒకటే గద సార్" అన్నాను. "కాదు బిడ్డా. ఎర్రర్ అంటే మన చేతిల అయ్యే పొరపాటు. అది పోయి ప్రోగ్రాంల పండుకుంటే డిఫెక్ట్. ఎన్నడో ఒకనాడు లేచి ఎవలికో తగుల్తది సూడు, అది ఫెయిల్యూర్. తగిలినోడికి మనమెవలో కూడ తెల్వదు" అన్నారు. నేను నోట్సులో రాసుకున్నాను. రాసుకోవడం తప్ప, అప్పటికి నాకేమీ అర్థం కాలేదు.

నేను నేతవాళ్ళ పిల్లనని నాకోసం వేరే రకంగా చెప్పేవారు. "చీరె ఒడలు నూలు, అంచు పట్టు. దేనికది సూస్తే రెండూ మంచిగనే ఉంటయి. రెండూ కలిసే కాడ పోగు తెగితే మీ నాయన ఏమంటడు? ప్రోగ్రాంల గూడ ముక్కముక్క సూసుడు వేరు, కలిపి సూసుడు వేరు."

టెస్ట్ కేసు రాయించడంలో మాత్రం ఆయనకు మొండిపట్టు. తెల్లకాగితం మీద మూడు గీతలు కొట్టాలి. ఏమిచ్చాం, ఏం రావాలి, ఏం వచ్చింది. రావాల్సింది ముందే రాయాలి, వచ్చింది నడిపి చూసినంకనే రాయాలి. అంతా సరిగ్గా వచ్చిందని నేను ఒకసారి కాగితం కింద 'తప్పులు లేవు' అని రాస్తే కొట్టేశారు. "'తప్పు కనబడలేదు' అని రాయి. లేదని చెప్పనీకి మనమెవలం?"

ఆ ఏడాది ఒక సేవాసంస్థ వాళ్ళు పేద ఆడపిల్లల కోసం ఉచిత హాస్టలు పెట్టారు. ఏడో తరగతి అయిన పిల్లలకు పరీక్ష. నలభై వచ్చినవాళ్ళందరికీ సీటు. మార్కులు ఎక్కించి జాబితా తీసే పని మా సెంటరుకు వచ్చింది. ప్రోగ్రాం సార్ నాకిచ్చారు. మొదటిసారి నా చేతి పని బయటివాళ్ళకు పోతుందని పొంగిపోయాను.

జాబితా ఇయ్యాల్సిన రోజు పొద్దటి నుంచీ కరెంటు లేదు. వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సంస్థవాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. సార్ ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే దాంతో కుస్తీ పడుతూ, అక్కడి నుంచే అడిగారు.

"హద్దుల మీద సూసినవా? ముప్పైతొమ్మిది, నలభై, నలభైయొకటి?"

"చూసిన సార్."

"నలభై కాడ చూసినవా?"

"చూసిన సార్."

చూడలేదు. పది మార్కులు ఇచ్చి చూశాను, తొంభై ఇచ్చి చూశాను. నలభై దగ్గర రావాల్సిన గడిలో 'పాస్' అని రాసుకుని, కరెంటు మళ్ళీ పోతుందేమోనన్న తొందరలో, వచ్చిన గడిలో కూడా 'పాస్' అని రాసేశాను. నడిపి చూడలేదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. సార్ ఉండగానే ఒప్పుకుని ఉంటే బాగుండేది.

పన్నెండు రోజులకు ఒక రైతు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బిడ్డ పరీక్ష కాగితం. "సారూ, నలభై ఉన్నయి. పేరు లేదంటున్నరు" అన్నాడు. సార్ కంప్యూటర్ ముందు కూర్చుని నలభై కొట్టారు. పచ్చటి అక్షరాల్లో 'తప్పింది' అని వచ్చింది. నలభై, ఆపైన అని రాయాల్సిన చోట నేను నలభై కంటే ఎక్కువ అని రాశాను. సార్ బీరువాలోంచి నా టెస్టు కాగితం తీశారు. చాలాసేపు చూశారు.

"రావాల్సిందాన్నే వచ్చిందని రాసినవ్ బిడ్డా" అన్నారు, మెల్లగా. అంతే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడవనీకి కూడా దారి లేకపోయింది.

ప్రోగ్రాం సరిచేసి, ఒక్క నలభై దగ్గరే కాదు, మొత్తం మళ్ళీ మొదటి నుంచి పరీక్షించారు. "ఒక కాడ ముట్టుకుంటే ఇంకో కాడ కదుల్తది" అంటూనే చేశారు. ముగ్గురు పిల్లల పేర్లు బయటికొచ్చాయి. సంస్థవాళ్ళ దగ్గరికి పోయి "తప్పు నాది" అన్నారు. నేను పక్కనే నిలబడి నోరెత్తలేదు.

ఇద్దరు పిల్లలు దొరికారు, చేరారు. మూడో పిల్లది కోడేరు. మేమిద్దరం పోయేసరికి ఇంటికి తాళం. పక్కింటి ముసలామె చేటలో జొన్నలు చెరుగుతూ చెప్పింది.

"పోయిన్రు సారూ. పిల్ల తప్పిందని తెలిసినంక ఇంగేడ ఉంటరు? ఆ పిల్ల సదువు కోసమే ఈయేడు ఆగిన్రు. కూలికి తీస్కపోయే మేస్త్రి వచ్చి అందర్ని తోల్కవోయిండు."

"యాడికమ్మా?"

"బొంబాయి దిక్కంట. నాకేం తెల్వదు."

సార్ ఆ అరుగు మీద కూలబడ్డారు. ముసలామె చెంబుతో నీళ్ళిస్తే తాగలేదు, పట్టుకునే ఉన్నారు. సంస్థవాళ్ళను బతిమాలి నెల రోజులు సీటు ఆపించారు. నెల తర్వాత దాన్ని ఇంకొకరికి ఇచ్చారు. వాళ్ళను మాత్రం ఏమనగలం?

ఆ తర్వాత ప్రతి ఉగాదికి, వలసపోయినవాళ్ళు ఊర్లకు మళ్ళే రోజుల్లో, సార్ కోడేరు పోయి అడిగి వచ్చేవారు. ఒకసారి పుణె దగ్గర కాలువ పనిలో చూశామని ఎవరో అంటే, అక్కడికీ పోయారు. ఐదో రోజుకు తిరిగొచ్చి, "పని అయిపోయి ఇంకో కాడికి పోయిన్రంట" అన్నారు. నన్ను వెంట రమ్మని మళ్ళీ ఎన్నడూ అడగలేదు. నేనూ వస్తానని అనలేదు. అదే సెంటరులో నన్ను పాఠాలు చెప్పనిచ్చారు. హద్దుల పాఠం వచ్చిన రోజు మాత్రం ఆయన బయటికి వెళ్ళి నిలబడేవారు.

పోయిన నెల దవాఖానలో చూసినప్పుడు చిక్కిపోయి ఉన్నారు. "అన్ని పరీక్షలు చేసిన్రమ్మా, ఏం కనబడలేదన్నరు" అని అక్క, అంటే సార్ భార్య, సంబరంగా చెప్పింది. సార్ నా వైపు చూసి కొంచెం నవ్వారు. "కనబడలేదన్నరు. లేదనలే" అన్నారు, ఆమెకు వినబడకుండా. నేను ఆయన కాళ్ళ దగ్గర దుప్పటి సర్దాను. అంతకంటే చేయగలిగింది ఏమీ లేకపోయింది.

దినాలయినంక ఒక్కదాన్నే కోడేరు పోయాను. ముసలామె లేదు. ఆ ఇంటి కప్పు కూలి, లోపల తుమ్మ మొలిచింది. తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే బొంబాయి బస్సు వచ్చి ఆగింది. మూటలు, రేకు పెట్టెలు, చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. దుమ్ములో ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. నేను ఆ పిల్లను ఒక్కసారైనా చూసి ఉండలేదు.