కృపమ్మ కడిగిన పేగు

కోడిని కోసి బాగుచెయ్యడంలో రేపల్లె మొత్తంలో తనను మించినవాళ్ళు లేరని కృపమ్మ గట్టి నమ్మకం. పెళ్ళివాళ్ళు కూడా ఆమెకే కబురు పెట్టేవారు కాబట్టి ఆ నమ్మకాన్ని ఎవరూ కాదనేవారు కాదు. పదేళ్ళకే నాట్లలోకి దిగింది, ముప్పయ్యో ఏట భర్త పోయాడు, అయినా కూతురు దేవకుమారిని ఎమ్మెస్సీ దాకా చదివించింది. తనకు మాత్రం అక్షరమ్ముక్క రాదు. అంకెలు వచ్చు, అంతే.

1989 జూన్‌లో బాపట్లలోని ఒక కాలేజీ దేవకుమారిని జువాలజీ లెక్చరర్ ఉద్యోగానికి పిలిచింది. పెద్దల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. పేగు కండరాల కణాల్లో జన్యువులు ఎలా పనిచేస్తాయన్నది పాఠం. తాజా కోడి పేగు ముక్కను గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేలాడదీస్తే, దానంతటదే ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. అది చూపించి మొదలుపెట్టాలని పిల్ల ఎత్తు. ఈ ఉద్యోగం వస్తే తల్లి ఇక నడుము వంచి నాట్లు వేయనక్కర్లేదని ఆమె పట్టుదల.

తెల్లారగట్ల కోడిని కోశాక, "అమ్మా, పేగు జాగ్రత్తగా ఫ్లాస్కులో పెట్టు" అని చెప్పి దేవకుమారి చీర ఇస్త్రీ చేసుకోవడానికి పోయింది. జాగ్రత్త అన్న మాట చాలు కృపమ్మకు. అందులోనూ పెద్దమనుషులు చూసే పేగాయె! చీరి, తిరగేసి, కల్లుప్పుతో రుద్ది, దుగ్గిరాల పసుపు పట్టించి, మూడు నీళ్ళు పోసి తళతళలాడేలా కడిగింది.

తల్లీకూతుళ్ళిద్దరూ బయల్దేరారు. తెనాలిలో బండి మారేటప్పుడు దేవకుమారి ఫ్లాస్కు మూత తీసింది. నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

"అమ్మా, ఏంటిది?"

"కడిగానే. నీచు వాసన రాకుండా."

"చచ్చిపోయిందమ్మా అది! ఇంక కదలదు."

కోడి చచ్చింది పొద్దున్నే కదే అనబోయి, కూతురి మొహం చూసి కృపమ్మ నోరు మూసుకుంది. బాపట్ల దాకా మళ్ళీ తెరవలేదు. ఆమె జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే. బిడ్డ ఉద్యోగాన్ని చేతులారా చెడగొట్టానని లోలోపలే కుమిలిపోయింది.

కాలేజీలో ఆమె కిటికీ పక్కన వరండాలో కూలబడింది. లోపల ముగ్గురు పెద్దలు. వాళ్ళలో పెద్దాయన కామేశ్వరరావుగారు, "తెలుగు మీడియం పిల్లలకి చెప్పినట్టు చెప్పమ్మా" అన్నారు. చూపించడానికేమీ లేదు కాబట్టి దేవకుమారి మాటలతోనే మొదలుపెట్టింది.

"మా చర్చిలో అందరి చేతుల్లో ఒకటే కీర్తనల పుస్తకం ఉంటుందండి. అన్నీ పాడం. గోడమీద బోర్డుకి ఏ నంబర్లు తగిలిస్తే అవే పాడతాం. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువుల పుస్తకం ఒకటేనండి. కంట్లో ఒక బోర్డు, పేగులో ఇంకో బోర్డు. పేగు కండరంలో ముడుచుకునే ప్రోటీన్ల నంబర్లుంటాయి, అందుకే అది కదులుతుంది. ఆ కణాన్ని తీసి గాజుపళ్ళెంలో విడిగా పెంచితే నంబర్లు మారిపోతాయండి. ముడుచుకోవడం మాని, రెండుగా నాలుగుగా పెరిగే పనిలో పడుతుంది."

బయట కృపమ్మ నిటారుగా కూర్చుంది. పదిహేనేళ్ళుగా ఆదివారం ఆ నంబర్లు తగిలించేది తనే మరి.

"బాగుంది. అయితే ఏ నంబరు పెట్టాలో ఆ తగిలించే మనిషికి ఎలా తెలుస్తుంది?" అని పెద్దాయన మెలిక పెట్టారు.

దేవకుమారి నోరు తెరిచేలోగా కిటికీలోంచి జవాబొచ్చింది. "పాస్టరుగారు చీటీ పంపుతారండి! చీటీ రాకుండా నేను ముట్టుకోను. పెళ్ళయితే ఒకటి, చావయితే ఇంకోటి."

గదంతా గొల్లున నవ్వింది.

"అదేనండి జవాబు" అంది దేవకుమారి, తనూ నవ్వాపుకోలేక. "నరాల నుంచి, పక్క కణాల నుంచి, పేగు సాగినప్పుడు వచ్చే కబురే చీటీ. అది అందుకుని నంబరు తగిలించేవి కొన్ని ప్రోటీన్లండి."

కామేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పక్కవాళ్ళతో కాసేపు మాట్లాడి, ఇంకా కిటికీ వైపే చూస్తూ, "జూలై ఒకటిన వచ్చి చేరండి" అన్నారు.

కృపమ్మ కంగారుపడింది. "నేనూ రావాలాండి? ఆ వారం నాట్లకి ఒప్పుకున్నానండి!"

దేవకుమారి ఒక్క పరుగున వరండాలోకి వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"నాట్లకి ఇక రానని చెప్పెయ్యమ్మా వాళ్ళకి" అంది.