గుంతకు నాన్నగారి పేరు

కలం పట్టిన ఓ కుర్రాడు అధికారాన్ని గడగడలాడించిన మహాగాథ ఇది అని మొదలుపెట్టాలని ఉంది. కానీ గడగడలాడింది కుర్రాడే.

1974లో విజయవాడలోని ఒక దినపత్రికలో ప్రొబేషన్ మీద సబ్ ఎడిటర్‌గా చేరాను. జిల్లా పేజీతోపాటు వారానికో వ్యంగ్య శీర్షిక కూడా అప్పగించారు. ఓ వారం, హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఊరి పంచాయతీ (పేరెందుకు లెండి, అక్కడ మాకు చుట్టాలున్నారు) రోడ్డు మీది గుంతలకు ఊరి పెద్దల పేర్లు పెట్టబోతోందనీ, ఆసక్తి గలవారు దరఖాస్తు చేసుకోవాలనీ రాశాను.

అప్పట్లో సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి పేజీ కట్టేవారు. నా రచన మూడు లైన్లు ఎక్కువైంది. సొంత జోకులు కోయడానికి చెయ్యి రాక, పైనుండే ‘సరదాకి’ అన్న శీర్షిక దిమ్మను తీయించేశాను. వ్యంగ్యం కాస్తా వార్తయి కూర్చుంది.

మర్నాడు న్యూస్ ఎడిటర్ గారు పిలిచారు. కోపమొస్తే ఆయనకు మర్యాద ఎక్కువయ్యేది.

“రచయిత గారూ, ఆ సర్పంచి ట్రంక్ కాల్ బుక్ చేశాట్ట. ఆయన ఒక్క మాట తూలినా, తమరు ఇంటికి దయచేయొచ్చు.”

కాల్ కలిసేలోపే ఆ ఊరి రైతొకాయన దరఖాస్తుతో దిగాడు. పంచాయతీ ఆఫీసుకు తాళం వేసి ఉందని తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. గుంతకు తండ్రి పేరు పెట్టించాలట. అది వేళాకోళమని చెప్పాను.

“వేళాకోళమేంటి బాబూ? మా ఊళ్లో కొళాయికి పేరుంది, బెంచీకి పేరుంది, శ్మశానం గేటుక్కూడా ఉంది. గుంతేం పాపం చేసింది?”

“పంచాయతీని వెక్కిరించామండీ.”

“వెక్కిరించింది వాళ్లనైతే, బస్సెక్కి నేనెందుకొచ్చినట్టు?”

ఈలోగా ఫోను మోగింది. న్యూస్ ఎడిటర్ గారు నన్నే ఎత్తమన్నారు. సర్పంచి గారు అప్పటికే అరుస్తున్నారు.

“ఏవండీ, అన్నిట్లోకీ పెద్ద గుంత మా ఇంటి ముందుంది! నాతో మాటమాత్రం అనకుండా ఊరందరికీ దరఖాస్తులా? దానికి మా తాతగారి పేరు ఖాయం. రాసుకోండి.”

రాసుకున్నాను. న్యూస్ ఎడిటర్ గారు ఆ కాగితం చదివి, అది వేళాకోళమేనని సవరణ వేయమన్నారు. ఉద్యోగం నిలిచింది, శీర్షిక పోయింది.

వ్యంగ్యం రాసేవాడు తాను లోకం కంటే నాలుగడుగులు ముందున్నాననుకుంటాడు. తీరా వెళ్లి చూస్తే లోకం అక్కడ దరఖాస్తు పట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకని చోటు చాలనప్పుడు కోయాల్సింది జోకునే, శీర్షికను కాదు.

ఆ వానాకాలం మంచినీళ్ల పైపుల కోసం సర్పంచి గారింటి ముందే ఇంకో గుంత తవ్వారు. ఆ మట్టి పోయడంతో పెద్ద గుంత పూడిపోయింది.