మోరీ నీళ్ల తోట

ఉద్యోగంలో చేరిన కొత్తలో లోకమంతా మన కోసమే చెడిపోయి కూర్చుందనీ, మనం వెళ్లి బాగుచేయడమే తరువాయనీ అనిపిస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నాకది కాస్త ఎక్కువగానే అనిపించింది. దమ్మపేట దగ్గర ఓ ఊళ్లో, ఇళ్లలో వాడి పారబోసే నీటిని మొక్కలతో శుభ్రం చేసి చూపించమని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నన్ను పంపింది. చూపిస్తే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటికి.

మొదటి మడి నేను అద్దెకున్న ఇంటి పెరట్లోనే కట్టాను. ఇంటావిడను పిన్నిగారని పిలిచేవాణ్ని. వాళ్లది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. గుంట తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరిచి, కంకర, ఇసుక నింపి, వంటింటి నీళ్లూ, స్నానాల నీళ్లూ, బట్టలుతికిన నీళ్లూ అందులోకి మళ్లించి, మెట్టతామర నాటాను. పక్కింటి తాత గోడ మీంచి చూసి, "ఏంది సారూ, మోరీ నీళ్లకు గిట్ల తోట పెడ్తున్నవా?" అన్నాడు. అరగంట ఉపన్యాసమిచ్చాను. (బీడీ అయిపోయేదాకా విన్నాడు. అంతకుమించి ఆశించకూడదు.) నెల తిరక్కుండా మెట్టతామర మాడిపోయింది. అక్కడి బోరు నీళ్లే ఉప్పన, ఆపైన బట్టల సోడా. సంగతి విని మా సంస్థ పెద్దసారు, సముద్రపు ఒడ్డున ఉప్పునేలలో పెరిగే మొక్కలు గోనెసంచిలో పంపారు. కండపట్టిన సన్నాకులవి. రెండు నెలల్లో మడి నిండా పాకి, అవతలి చివర నీళ్లు తేటగా రావడం మొదలైంది.

పెద్దసారు చూడటానికి వస్తానన్న రోజు పొద్దున పెరట్లోకి వెళితే మడి గొరిగిన తలలా ఉంది. పక్కింటి మేక పనే అనుకుని తాతను నిలదీశాను.

"మా మేకకు కొడవలి పట్టుడు రాదు సారూ. మీ ఓనరమ్మనడుగు."

పిన్నిగారు వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నారు. పుట్టింటి ఊళ్లో ఉప్పుమళ్ల గట్ల మీద ఈ కూర దొరికేదట, తిని ఇరవయ్యేళ్లయిందట. సారు వస్తున్నారు కదా అని కోసి, ఉడికించి వార్చి పప్పులో వేశారట.

"పిన్నిగారూ, అది మన స్నానాల నీళ్లతో పెరిగింది" అన్నాను.

"సముద్రంలో మాత్రం ఎవరూ స్నానం చెయ్యడం లేదా బాబూ?"

ఈలోగా జీపు రానే వచ్చింది. పెద్దసారు మడి దగ్గర చాలాసేపు నిలబడి, "కోసేశావా?" అని అడిగారు. కోశామన్నాను. "మంచి పని చేశావు. కొయ్యకపోతే ఆకులు రాలి, పీల్చిన ఉప్పంతా మళ్లీ నీళ్లలోకే పోతుంది. నీకు చెప్పడం మరిచాను" అన్నారు. ఆ మెప్పును నేను వినయంగా స్వీకరించాను. (పిన్నిగారు రెండడుగుల దూరంలోనే ఉన్నారు.)

భోజనాల వేళ నేను శనివారం ఉపవాసమన్నాను. ఆ రోజు బుధవారం. పెద్దసారు పప్పు కలుపుకుని, ఇదేం కూరమ్మా అని అడిగారు. మీరు పంపిందేనండీ అన్నారు పిన్నిగారు. ఆయన చెయ్యి క్షణం ఆగింది. నావైపు తిరిగి, ఈ ముక్క రిపోర్టులో రాయొద్దని చెప్పి, మారు వడ్డించమన్నారు.

నేను రాయలేదు. మొక్కలను సకాలంలో కోశామని మాత్రం నా పేరు మీద రాసుకున్నాను. ఉద్యోగం నిలబడింది, ఎవరికీ కడుపునొప్పి రాలేదు. దొంగ ఉపవాసంతో ఆ విస్తరి ముందు నుంచి లేచిపోయిన కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గు కూడా వేయదు. ఆకలేస్తుంది.