ఇనప దవడతో బర్గరు వేట

మా చిన్న బావ బర్గరు తినేటప్పుడు తల ఎడమ పక్కకు వాలుస్తాడు. ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు మెడ వంచి, నోటి మూల నుంచి కొరుకుతాడు. పాతికేళ్లుగా చూస్తున్నాం. "గోడమీద కాగితాన్ని మేక పీక్కున్నట్టు తింటావేమయ్యా" అని మా పెద్ద బావ వెక్కిరించేవాడు. చిన్న బావ నవ్వి, నోరు తుడుచుకుని, మళ్లీ ఆ మూల నుంచే మొదలుపెట్టేవాడు.

వీళ్లిద్దరూ తోడల్లుళ్లు. నా ఇద్దరక్కల మొగుళ్లు. పెద్ద బావ బస్టాండులో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎక్కడి నుంచి ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మంచినీళ్లు అడిగినా అదే గొంతు, పక్కింటివాళ్లు కూడా గ్లాసు పట్టుకుని లేస్తారు. చిన్న బావ పళ్ల సెట్లు చేస్తాడు. పళ్ల డాక్టరుగారి క్లినిక్ వెనకాల, ఒక్క కిటికీ ఉన్న గదిలో కూర్చుని, మైనం మీద జనం కొరికిన గుర్తులు చూసి వాళ్ల నోటికి సరిపడా పళ్లు అమరుస్తాడు. ఈ పనిలోకి ఎలా వచ్చావు బావా అని అడిగితే, "సైకిలు తీసుకొచ్చింది" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలదు.

తోడల్లుళ్లంటే సాధారణంగా అత్తవారింట్లో ఎవరికి ముందు కుర్చీ వేశారో గుర్తుపెట్టుకునే జాతి. అందులోనూ వీళ్లకు పడకుండా చేయడానికి మా నాన్న తన వంతు కష్టం తాను పడ్డాడు. చిన్న బావ మొదటిసారి మా ఇంటికొచ్చి నవ్విన రోజునే, "ఆ పలువరుస చూశారూ, దారం పట్టి పేర్చినట్టుంది" అని మురిసిపోయాడు. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా చిన్నల్లుణ్ణి పిలిచి నవ్వమనేవాడు. పక్కనే ముందు పళ్ల మధ్య సందున్న పెద్దల్లుడు పెదాలు బిగించుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అలాంటి ఇద్దరినీ కలిపింది బర్గరు.

పెద్ద బావకు డ్రైవర్లు కబుర్లు మోసుకొచ్చేవారు. బైపాసు మీద పెట్రోలు బంకు పక్కన ఎవడో కొత్తగా పెట్టాడనీ, బన్ను వెన్నలో కాలుస్తున్నాడనీ. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కేవారు. మధ్యలో నేను, సంచీ మోయడానికి. ఆసుపత్రి క్యాంటీను, ఈత కొలను బయట బండి, టైర్ల షాపు మేడ మీద గది, దేన్నీ వదల్లేదు. చిన్న బావ మొదటి కాటు తరువాత బర్గరును వెలుతురుకు తిప్పి, మైనం ముక్కను చూసినట్టే కొరికిన అంచును చూసేవాడు. అడుగు బన్ను తడిసి జారిందా, ఉల్లిపాయ చక్రం తెగకుండా మొత్తం లాక్కొచ్చిందా, అంతా అక్కడే తెలిసిపోతుందట. పెద్ద బావకు ఒకటే నియమం: రెండు చేతులతో పట్టుకోవాలి, నిండు నోటితో కొరకాలి. ఎవరైనా చాకు అడిగితే వాళ్లవైపు చూసే చూపు, లేటుగా వచ్చిన బస్సును చూసినట్టుండేది.

మూడేళ్ల కిందట పెద్ద బావ చిగుళ్లు చెడిపోయాయి. పై పళ్లన్నీ తీసేశారు. చిన్న బావ నెల్లాళ్లు కూర్చుని ఆయనకు సెట్టు చేశాడు. ఎవరికీ అనుమానం రాకూడదని ముందు పళ్ల మధ్య పాత సందును కూడా అలాగే ఉంచాడు. మైకులో ఒక్క అక్షరం జారలేదు. బస్టాండులో ఏ ఒక్కరూ పసిగట్టలేదు. అందరం హాయిగా ఊపిరి పీల్చుకుని ఆ ఆదివారం బస్సెక్కాం.

అద్దాల తలుపులున్న షాపది. పెద్ద బావ చాలా రోజుల ఆకలితో, రెండు చేతులతో ఎత్తి, నిండుగా కొరికాడు. తరువాత చేతులు కిందికి దించాడు. బర్గరు దిగింది. దానితోపాటు పళ్లూ దిగాయి. బన్నుకు అతుక్కుని, గులాబీ రంగు చిగుళ్లతో సహా, నావైపే చూస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే వడ్డించే అమ్మాయి వచ్చి, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

పెద్ద బావ నోరు మూసుకుని, బాగుందన్నట్టు తలాడించాడు. బర్గరును పళ్లతో సహా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, లేచి నడిచాడు. జేబులోంచి సాసు కారుతోందని చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

ఆ తరువాత ఆయన ఆదివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. "నాకు వాటి మీద మోజు పోయిందయ్యా" అనేవాడు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తింటున్నాడని పెద్దక్క చెప్పింది. చిన్న బావ ఒక్కడే ఎక్కడికీ వెళ్లలేకపోయాడు. మా చిన్నక్క ఫోన్ చేసి నన్ను పిలిచింది.

"ఆదివారం పూట మీ బావని ఇంట్లో భరించలేకపోతున్నానురా. ఫ్యాను రెక్కలు తుడిచారు. నా పోపుడబ్బాలు సర్దారు. ఉప్పెక్కడుందో నాకే తెలీడం లేదు. ఎక్కడికైనా తీసుకుపో."

వెళ్లేసరికి చిన్న బావ ఒక సంచీతో సిద్ధంగా ఉన్నాడు. "పళ్లలో దోషం లేదురా. సెట్టుతో ముందు నుంచి కొరికినా తెగే బర్గరు ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది దొరికితే అన్నయ్య వస్తారు" అన్నాడు.

"ముక్కలు చేసుకు తినమని చెప్పొచ్చుగా బావా. డాక్టరు అందరికీ చెప్పేది అదేగా."

"ఆయన ముందు చాకు పేరెత్తుతావా నువ్వు?"

ఎత్తను.

సంచీలో ఏముందో మొదటి షాపులో తెలిసింది. రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు. చేసిన పళ్లు కలుస్తున్నాయో లేదో చూడడానికి ఆయన పనిగదిలో ఉండే ఇనప దవడ అది. పైనా కిందా రెండు చేతులు, వెనకాల కీలు. పైన పెద్ద బావ చిగుళ్ల ప్లాస్టరు అచ్చు, దానికి తడి చేసి అంటించిన, అచ్చం ఆయన పెట్టుకునేలాంటి సెట్టే ఇంకొకటి. కింద ఆయన కింది పళ్ల అచ్చు. బర్గరు రాగానే దవడ తెరిచి, దాన్ని లోపలికి తోసి, నింపాదిగా మూశాడు. పక్క బల్ల వాళ్లు ప్లేట్లు తీసుకుని ఫ్యాను కిందికి మారారు. షాపాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది?"

"మా అన్నయ్య పళ్లండీ."

"ఆయనేరీ?"

"డ్యూటీలో ఉన్నారు."

షాపాయన నావైపు చూశాడు. నేను గోడమీద ధరల పట్టీని మొదటిసారి చదువుతున్నవాడిలా చదవసాగాను.

అలా చాలా ఆదివారాలు తిరిగాం. కొన్నిచోట్ల బన్ను సాగింది, సెట్టు ఊడింది. కొన్నిచోట్ల బన్ను మధ్య పెట్టే ప్యాటీ అట్టముక్కలా ఉంది, సెట్టు ఊడింది. ఒకచోట అన్నీ బాగానే ఉన్నాయి కానీ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, కబురు ముందే వెళ్లిపోయింది. ఇంటికొచ్చి ఇనప దవడ కడుక్కుంటున్న చిన్న బావతో మా అక్క గుమ్మంలో నిలబడి అనడం విన్నాను: "ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి, ఊళ్లన్నీ తిరుగుతున్నారు." ఆయన కుళాయి ఇంకాస్త తిప్పాడు. భార్యాభర్తల మాట కదా అని నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

చివరికి దొరికింది. రెండు బస్సులు మారి వెళ్లాలి, పడవల రేవు దగ్గర. ఒకావిడ ఒక్కతే నడుపుతోంది. బన్ను ఆవిడే చేసుకుంటుంది, దూదిలా ఉంటుంది. ఉల్లిపాయ చక్రాలుగా కాదు, సన్నగా తరిగి ప్యాటీలో కలిపేస్తుంది. ఇనప దవడ మూసుకుంది, తెరుచుకుంది. సెట్టు కదల్లేదు. కొరికిన అంచు గీత గీసినట్టుంది. చిన్న బావ దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత తినేశాడు, తల పక్కకు వాల్చి.

పెద్ద బావను తీసుకురావడం పెద్దక్క చూసుకుంది. ఏం చెప్పిందో తెలియదు. ఆదివారం ఆయన స్టాండులో మైకు ముందు కాకుండా బస్సులో మా పక్క సీట్లో కూర్చున్నాడు. "గాలి మారుతుందని వస్తున్నాను. నన్ను తినమనొద్దు" అన్నాడు.

రేవు దగ్గర ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. మూడు ప్లేట్లు వచ్చాయి. చిన్న బావ బన్నును వేలితో నొక్కి చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"ఏమ్మా, ఇది వేరే బన్నులా ఉంది?"

"నావి పొద్దున్నే అయిపోయాయండీ. బయటివి తెప్పించాను. అవీ బాగానే ఉంటాయి" అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

అవి నాకు తెలుసు. సాగే రకం. పెద్ద బావ అప్పటికే, వద్దు వద్దంటూనే, రెండు చేతులతో బర్గరు పట్టుకున్నాడు. వాసన చూశాడు. నోరు తెరవబోయి, చుట్టూ నిండుగా ఉన్న బల్లలను చూశాడు. మెల్లగా కింద పెట్టేసి, "ఆకలి లేదయ్యా. మీరు కానివ్వండి" అన్నాడు. ఆ గొంతు మైకులో వినే గొంతు కాదు. ఇంక ఈయన్ని మళ్లీ బస్సెక్కించడం ఎవరివల్లా కాదని నాకు అర్థమైంది.

చిన్న బావకు కూడా అర్థమైనట్టుంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అన్నయ్యా, నన్ను చూడండి. ముందు నుంచి కాదు. ఇలా మూల నుంచి. కొరికాక లాగకూడదు, లోపలికి తోయాలి. అప్పుడు ఊడదు."

"నువ్వెప్పుడూ అలాగేగా తినేది, మేకలాగా."

"ఎందుకో ఎప్పుడైనా అడిగారా?"

చిన్న బావ రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏదో ఊడిన చప్పుడైంది. రుమాలు తీసి ప్లేటు పక్కన కాగితం మీద పెట్టాడు. దారం పట్టి పేర్చినట్టున్న నాలుగు పళ్లు.

"పందొమ్మిదేళ్లప్పుడు సైకిలు మీంచి పడ్డాను అన్నయ్యా" అన్నాడు. ఆ ఖాళీలోంచి మాట ఈలతో వచ్చింది. "పళ్లు కట్టించుకోవడానికి వెళ్లి, అక్కడే పనికి కుదిరాను. మామగారు మొదటిరోజే పలువరుస అంటూ మొదలుపెట్టారు. ఇంకేం చెప్పను? ఎలా కొరకాలో మీకు చెబితే, నీకెలా తెలుసంటారు. అందుకే బర్గరే వెతికి పెడదామనుకున్నాను."

"మా చెల్లెలికి తెలుసా?" అన్నాడు పెద్ద బావ. మరదలిని ఆయన అలాగే అంటాడు.

"పెళ్లయిన మూడోరోజే, గ్లాసులో చూసింది. దాహమేసి."

పెద్ద బావ ఆ నాలుగు పళ్ల మీదికి వంగి చూశాడు. "అయితే మామగారు పాతికేళ్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పొగిడింది వీటినా?" అన్నాడు. భుజాలు కదలడం మొదలైంది. పై సెట్టును బొటనవేలితో నొక్కి పట్టుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. చిన్న బావ కాసేపు బిక్కమొహం వేసి, తరువాత ఆ ఖాళీతోనే నవ్వాడు.

నవ్వుల మధ్యలో షాపావిడ ప్లేట్లు తీయడానికి వచ్చి, కాగితం మీద చూసి ఆగిపోయింది. చిన్న బావ నోరు టక్కున మూసుకున్నాడు. చెయ్యి అడ్డం పెట్టేలోపే పెద్ద బావ కాగితాన్ని తనవైపు లాక్కున్నాడు.

"నావేనమ్మా" అన్నాడు, రేవు మొత్తానికి వినబడేలా. "కట్టుడు పళ్లు. ప్లేటు తీయకు, ఇంకా తినాలి."

అటు తిరిగిన తలలన్నీ మళ్లీ వాటి ప్లేట్లవైపు తిరిగాక, ఆయన బర్గరు ఎత్తాడు. తల ఎడమ పక్కకు వాల్చాడు. మూల నుంచి కొరికి, లోపలికి తోశాడు. చిన్న బావ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. సెట్టు కదల్లేదు.

"బన్ను సాగుతోంది" అన్నాడు పెద్ద బావ నములుతూ. "వచ్చే ఆదివారం పొద్దున్నే రావాలి, ఆవిడవి అయిపోకముందు."

మా నాన్న ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకు చిన్నల్లుడి పలువరుస చూపిస్తూనే ఉన్నాడు. పెద్ద బావ ఇప్పుడు కిటికీవైపు చూడడు. "నవ్వు తమ్ముడూ, నవ్వు" అని తనూ అడుగుతాడు. నాన్న కళ్లజోడు పోయి ఏడాదయింది, ఏమీ చదవడం లేదు. అందుకే ధైర్యం చేసి ఇది రాశాను.