అందరూ ఉన్న హాస్టలు

మా మేనల్లుడు శామ్యూల్ నా కూతురి పెళ్ళికి రాలేదు. ఈ ప్రయాణానికి కారణం అదే. వాడి తల్లి, అంటే మా మార్తమ్మ అక్క, వేరే కారణం చెబుతుంది. రెండు క్రిస్మస్‌లుగా కొడుకు తిరుమలగిరిలో ఇంటి గడప తొక్కలేదనీ, పక్కింటి ఫోనుకు ఎప్పుడైనా చేసినా "అటెండెన్స్ ఉందమ్మా" అని పెట్టేస్తున్నాడనీ, ఆ గొంతు కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటోందనీ ఆమె బాధ.

"తిట్టకు తమ్ముడూ. తీసుకురా, చాలు" అంది.

తిట్టనని మాట ఇవ్వలేదు. తీసుకొస్తానని మాత్రం ఇచ్చాను.

ఆ ఊరి పేరు రాయను. అక్కడి విశ్వవిద్యాలయానికి తరవాత నేను పంపిన ఫిర్యాదుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అలాంటివాళ్ళకు ఊరికే ప్రచారం చేసిపెట్టవలసిన అవసరం నాకు లేదు. సికింద్రాబాద్ నుంచి ప్యాసింజరు బండిలో ఒక పూట ప్రయాణమని మాత్రం తెలిస్తే, వెళ్ళదలచినవాళ్ళే కనుక్కుంటారు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం ఏడింటి బండి ఎక్కాను. రుమాలు వేసి పెట్టుకున్న కిటికీ సీటులో, ఇడ్లీ పొట్లం తెచ్చుకునేలోపు ఒకాయన కూర్చున్నాడు. రుమాలు మడతపెట్టి నా చేతికిచ్చాడు కానీ లేవలేదు. ఆ ఊళ్ళోనే యూనివర్సిటీ గేటు దగ్గర పుస్తకాల షాపు ఉందట.

"యూనివర్సిటీకా సారూ? కొడుకా?"

"మేనల్లుడు. ఎమ్మెస్సీ లెక్కలు."

"ఉన్నడా ఆడ?"

"ఉండక ఎక్కడికి పోతాడు?"

"అందరు ఉన్నరనే అంటరు సారూ. హాస్టల్ల లైట్లు వెలుగుతయ్, బట్టలు ఆరేసి ఉంటయ్. కానీ నా షాపుల పెన్ను కొన్నోడు లేడు. ఎండాకాలం పోయింది, వానలు పోయినయ్, ఒక్కడు రాలే."

నా సీటులో కూర్చున్నవాడి మాట నమ్మాలనిపించలేదు.

పదకొండు దాటాక దిగాను. స్టేషను బయట ఆటో సులువుగానే దొరికింది. ఊరంతా ఒకటే రోడ్డు. ఆ రోడ్డంతా విద్యార్థుల కోసమే పుట్టినట్టుంది: జిరాక్సు షాపులు, టిఫిన్ సెంటర్లు, సైకిళ్ళు అద్దెకిచ్చే చోటు, గోడల మీద జావా, ఒరాకిల్ నేర్పుతామంటూ హైదరాబాదు ఇన్‌స్టిట్యూట్ల ప్రకటనలు. ఒక అరుగు మీద క్యారమ్ బోర్డు, దాని మీద పౌడరు చల్లి, కాయలు మధ్యలో గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఆడేవాళ్ళు లేరు. మంగలి షాపులో కుర్చీకి తెల్లటి గుడ్డ కప్పి, మంగలి కత్తెర పట్టుకుని నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాడు. మూసి ఉన్న దుకాణం ఒక్కటీ లేదు. కొనేవాడూ ఒక్కడు లేడు.

గేటు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగాను. టీ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. హోటలు నడిపే ఆవిడ పెద్ద కెటిల్లో టీ నింపుతోంది.

"ఇంత టీ ఎవరికమ్మా?"

"హాస్టల్ పోరగాండ్లకు. ఒకడొచ్చి తీస్కపోతడు."

"మిగతావాళ్ళు రారా?"

"ఏమో సారూ. పాపం మస్తు చదువులున్నట్టున్నయ్" అంది, నా వైపు చూడకుండా.

హాస్టలు వాచ్‌మన్ కుర్చీలోంచి లేవలేదు. నేను సికింద్రాబాద్‌లో మిషన్ బడి లెక్కల మాస్టారినని చెప్పినా లేవలేదు.

"శామ్యూలా? ఉన్నడు. పైన. అందరు ఉన్నరు."

"ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి?"

"మంచి పిలగాండ్లు సార్ వీళ్ళు" అన్నాడు. "ఇసుమంటి బ్యాచ్ నేను చూడలే. ఒక్క లొల్లి లేదు."

రెండో అంతస్తు వరండాలో ప్రతి గది ముందూ తీగ మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. ప్రతి తువ్వాలునుంచీ నీళ్ళు కారుతున్నాయి. ప్రతి గడప దగ్గరా ఒక చెప్పుల జత, ఇప్పుడే విడిచినట్టు ఒకటి కొంచెం పక్కకు తిరిగి. ఏ తలుపుకూ తాళం లేదు. ఒకటి తట్టాను. లోపల రేడియో చిన్నగా మోగుతోంది. ఎవరూ పలకలేదు. తోశాను.

ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద దుప్పటి మనిషి ఇప్పుడే లేచినట్టు ముడతలు పడి ఉంది. బల్ల మీద తెరిచిన పుస్తకం, దాని పక్కన గ్లాసులో టీ. టీ నుంచి ఆవిరి వస్తోంది.

ఎవరూ లేరు.

పక్క గది తోశాను. అక్కడా ఫ్యాను, పుస్తకం, ఆవిరి వస్తున్న టీ. ఆ పక్కదీ అంతే. పట్టపగలు, వరండా నిండా ఎండ, చుట్టూ ఇంతమంది చెప్పులు. అయినా గడప దాటి వరండాలోకి వచ్చేశాను. పై అంతస్తులో ఎవరో నడుస్తున్నారు. కొంచెం నడక, ఆగడం, తలుపు చప్పుడు, ఒక దగ్గు. మళ్ళీ నడక, తలుపు, ఇంకో రకం దగ్గు. నేను మెట్లెక్కేసరికి ఆ అడుగులు అటువైపు మెట్లు దిగిపోయాయి. వరండా అంచు నుంచి చూస్తే, ఖాళీ కెటిలు పట్టుకుని ఒక సన్నటి కుర్రాడు గణితశాఖ భవనంలోకి వెళుతున్నాడు. నడక మా బావగారిది. చనిపోయిన మా బావ అలాగే కుడి భుజం వంచి నడిచేవాడు. పరుగున దిగాను.

భవనంలోకి వెళ్ళేసరికి క్లాసులో హాజరు మొదలైంది. తలుపు బయట నిలబడ్డాను. లెక్చరరు పేర్లు చదువుతున్నాడు, లోపలినుంచి జవాబులు వస్తున్నాయి. "ప్రెజెంట్ సార్" అని బొంగురుగా ఒకటి. "ఎస్ సార్" అని నిద్రమత్తుగా ఒకటి. గోదావరి యాసలో ఒకటి, ముక్కుతో ఒకటి, నవ్వు ఆపుకుంటున్నట్టు ఒకటి. నిండు క్లాసు. ప్రాణం కుదుటపడింది. ఆ పుస్తకాల షాపాయన్ని మనసులో నాలుగు మాటలు అనుకున్నాను.

"శామ్యూల్" అన్నాడు లెక్చరరు.

జవాబు లేదు.

"శామ్యూల్?" మళ్ళీ లేదు. తరవాతి పేరు పిలిచాడు. దానికి వెంటనే పలికారు.

కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాను. బెంచీలన్నీ ఖాళీ. చివరి బెంచీలో ఒక్కడు తలొంచుకుని కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర కెటిలు. పేరు పిలిచినప్పుడల్లా వాడి గొంతు కండరాలు కదులుతున్నాయి, ఒక్కోసారి ఒక్కో మనిషి మాట బయటికి వస్తోంది. బడిలో ఒకడి బదులు ఇంకొకడు పలకడం నేను చాలాసార్లు పట్టుకున్నాను. వాళ్ళ ముఖాల్లో కొంటెతనం ఉంటుంది. వీడి ముఖంలో ఏమీ లేదు.

వాడు మా శామ్యూలే.

తలుపు తోసుకుని వెళ్ళాను. "నేను శామ్యూల్ మామయ్యను. వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చాను."

లెక్చరరు తల ఎత్తలేదు. "శామ్యూల్ చాలాకాలంగా రావడం లేదండి. క్లాసు నడుస్తోంది. బయట వెయిట్ చేయండి."

బంట్రోతుతో చెప్పినట్టు చెప్పాడు. అది నేను మరిచిపోలేదు. బయట నిలబడే విన్నాను. ఆయన ఖాళీ బెంచీలకు పాఠం చెప్పాడు. మధ్యలో "అర్థమైందా?" అని అడిగాడు. నాలుగైదు గొంతులు "అయింది సార్" అన్నాయి.

క్లాసు అయ్యాక వాణ్ణి "శామూ" అని పిలిచాను. నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. భుజం పట్టుకుంటే అప్పుడు చూశాడు.

"మామయ్యా! ఎప్పుడొచ్చారు?" మాట వాడిదే కావచ్చు. అది ఎవరి గొంతో నాకు తెలియలేదు.

గదికి తీసుకెళ్ళాడు. అన్ని గదుల్లోనూ టీ ఉంది, వాడి గదిలో లేదు. దుప్పటి మడత కూడా విప్పలేదు, దాని మీద దుమ్ము. అక్కడ కూర్చుని, అడగ్గా అడగ్గా చెప్పాడు. క్లాసులో అందరూ అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులకు వెళ్ళదలచుకున్నారు. హాజరు పోకూడదు, హాస్టలు సీటు పోకూడదు. అందుకని వంతులు పెట్టుకున్నారు. నెలకొకడు ఇక్కడ ఉండి అందరి తరఫునా పలకాలి, తువ్వాళ్ళు తడపాలి, రేడియోలు పెట్టాలి. లెక్చరరుకూ ఇబ్బంది లేదు. క్లాసు ఉంటేనే ఆయన ఉద్యోగం.

"మొదటి వంతు నాది మామయ్యా. ఒక్క నెల."

"రెండోవాడు?"

"రాలేదు."

"వాడి పేరు చెప్పు. హైదరాబాద్‌లో ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాను."

"వెతకడం ఎందుకు? ఇక్కడే ఉన్నాడు కదా" అన్నాడు, అమాయకంగా. "రోజూ పలుకుతున్నాడు. కొంచెం మెల్లగా మాట్లాడండి, పక్క గదిలో వాడికి జ్వరం."

గోడ అవతల రేడియో తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా నేను గొంతు తగ్గించాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పోనీ, నీ పేరుకు ఎందుకు పలకలేదు?"

"నా పేరు పిలిచారా?"

ఏది అడగడానికి వచ్చానో అదే అడిగాను. "నా కూతురి పెళ్ళికి ఎందుకు రాలేదురా?"

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా తరఫున ఎవరూ రాలేదా?"

"రాలేదు. విందులో మీ అమ్మ పక్క కుర్చీ నీదని పెట్టాను. ఎవరెవరో కూర్చోబోయారు. మా వియ్యంకుడి తమ్ముణ్ణి కూడా లేపేశాను, ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. చివరిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

"ఖాళీగానే ఉంచారా?"

"ఖాళీగానే."

"ఎవరూ కూర్చోకుండా?"

"ఎవరూ."

వాడు లేచి, మేకుకు తగిలించి ఉన్న చొక్కా తీసి దులిపి తొడుక్కుని, సంచీ అందుకున్నాడు. వరండాలో నడుస్తుంటే వాడి చెయ్యి దానంతటదే తీగ మీదికి వెళ్ళింది.

"ఆరిపోతాయి మామయ్యా."

"ఆరనీ."

గేటు దగ్గర లెక్చరరు స్కూటరుతో ఎదురయ్యాడు. శామ్యూల్ చేతిలో సంచీ చూసి మొదటిసారి తల ఎత్తాడు. ముఖం పాలిపోయింది. "రేపు క్లాసులో ఎవరుంటారండీ?" అన్నాడు.

"మీరుంటారు" అన్నాను. ఆ ఒక్క మాటతో నా మనసు కొంత చల్లారిందని దాచుకోను.

సాయంత్రం బండికి ఇంకా టైముంది. స్టేషను పక్క ఎస్టీడీ బూత్ నుంచి అక్క పక్కింటికి ఫోను చేసి, రిసీవరు వాడి చేతికిచ్చాను.

"అమ్మా" అన్నాడు. బొంగురు గొంతు. అటునుంచి ఏమీ వినిపించలేదు. "అమ్మా" అన్నాడు మళ్ళీ, ముక్కుతో. "ఎవరు బాబూ?" అంది అక్క. ఆ మాట నాకూ వినబడింది. వాడికి చెమటలు పట్టాయి. గొంతు సవరించుకున్నాడు, ఇంకోటి వచ్చింది, అదీ కాదు. బూత్ అమ్మాయి తల తిప్పి చూస్తోంది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఏదో దించుకుంటున్నట్టు ఊపిరి పూర్తిగా వదిలేసి, సన్నగా, కొంచెం తడబడుతూ అన్నాడు: "అమ్మా."

అటునుంచి అక్క పెద్దగా ఏడ్చింది. "శామూ! ఏమైపోయావురా!"

వాడి గొంతు అదేనని అలా తెలిసింది. ఎత్తుకుని పెంచినవాణ్ణి, నాకు మాత్రం తెలియలేదు.

బండిలో ఖాళీ బాగానే ఉంది. ఈసారి కిటికీ సీటు దొరికింది, వాడికిచ్చాను. ఆ గొంతు జారిపోతుందేమోనన్న భయంతో దారి పొడుగునా వాణ్ణి మాట్లాడించాను. వచ్చే స్టేషన్ల పేర్లు చదవమన్నాను, మోండా మార్కెట్‌లో వాళ్ళమ్మ ఏ కూరగాయలు ఎవరి దగ్గర కొంటుందో చెప్పమన్నాను. తడుముకుంటూ చెప్పాడు. ఆ ఊరు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. రైలు సౌకర్యం ఉంది, టీ బాగుంటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు. అంత ప్రశాంతమైన విద్యాస్థలం ఎక్కడా చూడలేదని ఎవరైనా రాసినా అబద్ధం కాదు.

సికింద్రాబాద్ లైట్లు కనబడుతుండగా, అవతలి వరసలో ఒకావిడ సామాన్లు సర్దుకుంటూ, తలుపు దగ్గరికి పరుగెత్తిన కొడుకును "కిరణ్!" అని కేకేసింది.

మా శామ్యూల్ పెదవులు విడివడ్డాయి. గొంతు కండరం కదిలింది. వాడు అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని నావైపు చూశాడు.

"ఓ కిరణ్! ఏడ సచ్చినవ్ రా?" అందావిడ మళ్ళీ.

"ఈడనే ఉన్ననే అమ్మా" అన్నాడు తలుపు దగ్గరి పిల్లవాడు.